ఎర్తింగు గుంతలో ఉప్పు

ఇంటి మీద సోలారు పలకలు పెట్టిద్దామని మా ఆయన అన్న రోజు మా అత్తమ్మ అడిగింది ఒక్కటే మాట.

"మరి నా వడియాలు యాడ ఎండవెట్టాలె?"

మా ఆయన చిట్యాలలో ఒక కంపెనీలో పనిచేస్తాడు. అక్కడ తోటివాడెవరో తన ఇంటి మీద పెట్టించుకున్నాడట. అప్పటినుంచి మా ఆయనకు కూర్చుంటే అదే మాట, పడుకుంటే అదే మాట. నేను జాకెట్లు కుడతాను. మిషనుకు మోటరు, పక్కన ఇస్త్రీపెట్టె, నెత్తిమీద ఫ్యాను. ఇంట్లో కరెంటు తాగేవన్నీ నా గదిలోనే ఉన్నాయని మా ఆయన ఎప్పుడూ దెప్పుతుంటాడు. పలకలు వస్తే ఆ దెప్పులు తప్పుతాయి కదా అని నేనూ సరేనన్నాను.

మా ఊరు కేతేపల్లి దగ్గర. నేను పుట్టి పెరిగింది షాద్‌నగర్ వైపు. మా పుట్టింట్లో గొర్రె అంటే ఆదివారం గిన్నెలో కనిపించేదే. ఇక్కడికి కోడలిగా వచ్చాక గొర్రెలతో పాటు బతకడం నేర్చుకున్నాను. మా మామ జీవితమంతా మందవెంట నడిచిన మనిషి. మోకాళ్లు మొరాయించాక మందనంతా అమ్మేశారు. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచిన ఒక్క పొట్టేలును మాత్రం మామ వదల్లేదు. అది వంటింటి కిటికీ కింద ఉన్న చిన్న కొట్టంలో ఉండేది. కొమ్ములు మెలితిరిగి, మెడ బలిసి, ఊరి పెద్దమనిషిలాగా నిలబడేది.

మంద పోయిన నాటినుంచి మామ మనుషులతో మాట్లాడటం దాదాపు మానేశాడు. అన్నం తింటావా అంటే "ఊ". దవాఖానకు పోదామా అంటే "ఊఁహూ". అంతకుముందు కూడా పెద్ద మాటకారి కాడట, అత్తమ్మ చెప్పేది. కానీ పొట్టేలు దగ్గర కూర్చుంటే మాత్రం ఆ నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. "కొడుకా" అని మొదలుపెట్టి, ఊర్లో ఎవరు ఏమన్నారు, రాత్రి ఏం కల వచ్చింది, పప్పులో చింతపండు ఎంత ఎక్కువైంది, అన్నీ దానికే చెప్పేవాడు. అది నెమరు వేస్తూ వినేది.

అత్తమ్మకూ దానికీ ఉప్పు నిప్పు. అది ఆమె ఎండబెట్టిన మిరపకాయలు తిన్నది, తలుపు తెర సగం తిన్నది, ఒకామె నా దగ్గర కుట్టడానికిచ్చిన జాకెట్టు గుడ్డను చేతి ముక్క దాకా తిన్నది.

"ఈ ఇంట్ల ఇద్దరు మొగోళ్లున్నరు బిడ్డా," అనేది అత్తమ్మ. "ఒకడు నోరు తెరవడు, ఇంకోడు నోరు మూయడు."

"మరి మీ కొడుకు?" అంటే, "వాడు ఇంట్ల ఎప్పుడుంటడు లెక్కవెట్టనీకె!" అనేది.

ఇంత తిట్టినా మామకు కావలసినవన్నీ అడక్కుండానే అందేవి. ఒకరోజు ఉన్నట్టుండి మోకాలికి వేడి చేసిన నువ్వుల నూనె తెచ్చి పెట్టేది. ఇంకోరోజు పులుపు తగ్గించి పప్పు వండేది. పెళ్లయి ఇన్నేళ్లయితే మనసులో మాట దానంతటదే తెలిసిపోతుంది కాబోలు అనుకుని, మా ఆయన వైపు చూసి నిట్టూర్చేదాన్ని. ఆయనకు నేను నోరు విప్పి చెప్పినా తెలియదు.

సరే, పలకల తనిఖీల సంగతికి వస్తాను. మొదటి తనిఖీకి పలకల కంపెనీ నుంచి ఒకతను వచ్చాడు. డాబా ఎక్కి, ఫోను ఆకాశానికి చూపించి, ఏ వేళప్పుడు నీడ ఎటు పడుతుందో చూసుకున్నాడు. అతని వెనకే అత్తమ్మ. అతను టేపు పట్టుకుంటే రెండో కొస ఆమె పట్టుకున్నది. వేపకొమ్మ ఒకటి కొట్టెయ్యాలన్నాడు, ఒప్పుకున్నది. తర్వాత అసలు విషయానికి వచ్చింది.

"సారూ, నా వడియాలు?"

"పలకల కింద బోలెడంత జాగా ఉంటది గదమ్మా, అక్కడ వెట్టుకోండ్రి."

"పలకల కింద నీడ ఉంటదా, ఎండ ఉంటదా?"

"నీడనే ఉంటది."

"నీడల వడియాలు ఎండుతయా సారూ? మీ ఇంట్ల గట్లనే ఎండవెడతరా?"

అతను టేపు చుట్టుకుంటూ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. చివరికి మెట్ల గది పక్కన ఎండ పడే ఒక పట్టీ అత్తమ్మకు వదిలేసి, పలకలు అటు జరిపి గీసుకున్నాడు. తనిఖీకి వచ్చింది అతనే గానీ పాసయ్యింది అత్తమ్మ.

తర్వాత పనివాళ్లు వచ్చారు. ఇనుప కాళ్లు నిలబెట్టి పలకలు బిగించారు. ఇంటి చుట్టూ మూడు గుంతలు తవ్వి, ఒక్కోదాంట్లో పొడవాటి కడ్డీ దింపి, చుట్టూ దొడ్డుప్పు, బొగ్గులు వంతులవారీగా నింపారు. పిడుగు పడ్డా, వైర్లలో లోపం వచ్చినా కరెంటు మనుషుల మీదికి రాకుండా ఆ కడ్డీ వెంట నేలలోకి దిగిపోతుందట. దాన్నే ఎర్తింగు అంటారట. పైన మట్టి కొద్దిగా కప్పి, ప్లాస్టిక్ మూతలు పెట్టారు. మూడో గుంత కొట్టం పక్కనే వచ్చింది.

ఉప్పు బస్తాలు దిగుతుంటే వాడకట్టంతా వచ్చి నిలబడింది. గుంత, ఉప్పు, బొగ్గు, రాగి తీగ అన్నీ ఒకచోట చూసి పక్కింటామె రెండడుగులు వెనక్కి వేసింది.

"గిదేంది వదినా, ఏదో చేసినట్టే ఉన్నది!" అన్నది.

అత్తమ్మకు అప్పటిదాకా ఆ ఆలోచనే లేదు. ఆ మాటతో ఆమె ముఖం వెలిగింది. "ఇంటికి దిష్టి తీసుడు," అన్నది గంభీరంగా. "మూడు దిక్కుల ఉప్పు వోయించిన. ఇగ ఎవలి కండ్లు పడ్డా ఫికర్ లేదు." పనివాడు ఇంకో వైపు తిరగగానే మూడు గుంతల్లోనూ తలా ఒక నిమ్మకాయ వేసి మూత పెట్టింది. నేను చూశాను. ఎర్తింగుకు నిమ్మకాయ అడ్డమా కాదా నాకేం తెలుసు, ఊరుకున్నాను.

రెండో తనిఖీకి కరెంటు ఆఫీసు సారు వచ్చాడు. ఆయన సరేనంటేనే కొత్త మీటరు పెడతారు. మీటరు పెడితేనే పలకలు పనిచేస్తాయి. ఆయన చేతిలో ఒక పెట్టె, దానికి వైర్లు, వైర్ల చివర ఇనుప మేకులు. ఆ మేకులు నేలలో దిగ్గొట్టి, పెట్టెలో అంకె చూస్తాడు. అంకె ఎంత చిన్నగా వస్తే ఎర్తింగు అంత మంచిదట. రెండు గుంతలకు తల ఊపాడు. కొట్టం పక్క గుంత దగ్గర మాత్రం పెదవి విరిచాడు.

"గిది వస్తలేదు. ఎండలకు నేల ఎండిపోయింది. ఇంకింత ఉప్పు ఎయ్యుండ్రి, రోజూ నీళ్లు పొయ్యుండ్రి. మల్ల వస్త."

ఉప్పు వేశాం. నీళ్లు పోసే పని మామ తనంతట తానే తీసుకున్నాడు. ఆ మనిషి ఒక పని మీద మనసు పెట్టినందుకు మా ఆయన మురిసిపోయాడు. సారు మళ్లీ వచ్చాడు, మళ్లీ మేకులు దిగ్గొట్టాడు. ఈసారి అంకె మునుపటికంటే పెద్దగా వచ్చింది.

"అసలు ఉప్పు ఏసిండ్రా లేదా?" అని సారు పనివాళ్ల మీద గరమయ్యాడు. వాళ్లు పిల్లల మీద ఒట్టేశారు. మా ఆయన నన్ను చూశాడు, నేను అత్తమ్మను చూశాను. నిమ్మకాయ గుర్తొచ్చి అత్తమ్మ కొంగు సర్దుకున్నది. అందరం శాకాహారులమే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

పలకలేమో డాబా మీద నిగనిగలాడుతున్నాయి, ఇంట్లో కరెంటు మాత్రం పాత మీటరుదే. పక్కింటామె రోజూ గోడ మీదినుంచి, "ఇంకా రాలేదా వదినా మీ సూర్యుడు?" అని అడిగేది. ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం దారం అయిపోతే లేచి పెరట్లోకి వచ్చాను. పొట్టేలు కొమ్ముతో గుంత మూతను ఇలా ఎత్తి, అలా పక్కకు నెట్టి, ముందుకాలితో మట్టి గీరి, కళ్లు మూసుకుని ఉప్పు నాకుతోంది. గడ్డం నిండా తెల్లగా ఉప్పు. చెయ్యి తిరిగిన దొంగ కూడా అంత తీరిగ్గా పని చెయ్యడు. దాని పక్కన, వీధి వైపు ముఖం పెట్టి, ఎవరైనా వస్తున్నారేమో చూస్తూ మా మామ. చేతిలో ఖాళీ బకెట్టు.

"మామా!" అన్నాను.

భుజాలు తడుముకునే గుమ్మడికాయల దొంగను అప్పుడే చూశాను. బకెట్టు వెనక్కి దాచాడు. పొట్టేలును దాచే వీల్లేదు కాబట్టి దాని ముందు నిలబడ్డాడు. కొమ్ములు ఇటూ అటూ కనిపిస్తూనే ఉన్నాయి.

"మంద ఉన్నప్పుడు బండ మీద ఉప్పు వోస్తుంటి," అన్నాడు. ఆయన నాతో అన్ని మాటలు కలిపి మాట్లాడి ఎన్నాళ్లయిందో. "గొర్లు ఉరికొచ్చి నాకుతుండె. ఇది ఒక్కదానికి ఎవలు వోస్తరు? ఇంట్ల అడిగితె మీ అత్త ఇయ్యదు. గుంతల ఊకెనే పడి ఉన్నదని... జర నాకనిచ్చిన."

"మరి నీళ్లు?"

"నీళ్లు వోస్తె ఉప్పు కరిగిపోతది గద. అందుకె వొయ్యలే."

నాకు కోపం రావాలి. ఆఫీసుల చుట్టూ తిరిగి మా ఆయన చెప్పులరిగాయి, పక్కింటామె ముందు నా తల వంగింది. కానీ ఆ ఇద్దరినీ, ఆ తెల్ల గడ్డాన్నీ చూసి నవ్వు ఆగలేదు. గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాను.

"మీ అత్తకు చెప్పకు బిడ్డా," అన్నాడు మామ.

చెప్పను అన్నాను. ఉప్పు మళ్లీ వేసేద్దాం, దీన్ని దూరంగా కట్టేద్దాం, ఎవరికీ తెలియదు అని ఇద్దరం గూడుపుఠాణీ చేశాం. పొట్టేలు మా మాట వింటూ మూతను కొమ్ముతో మరోసారి ఎగరేసింది. అది బండకు తగిలి రెండు ముక్కలైంది. ఆ చప్పుడుకు వంటింటి కిటికీ తెరుచుకుంది.

అత్తమ్మ చూపు ముందు పగిలిన మూత మీద, తర్వాత గడ్డం మీద, తర్వాత మామ మీద, చివరికి నా మీద పడింది. ఆమెకు ఏమీ విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"తిన్నింటి వాసాలు లెక్కవెడుతున్నదే ఇది! వాసాలు తక్కువైతె గుంతలు గుడ తవ్వుతున్నదే!" అని మొదలుపెట్టి వాడకట్టు మొత్తానికి వినిపించేలా తిట్టింది. మిరపకాయలనుంచి జాకెట్టు గుడ్డ దాకా పాత కేసులన్నీ తిరగదోడింది. ఆఖరికి తీర్పు చెప్పింది.

"గా సారు మల్ల వస్తడు గద. ఆ దినమే బేరగాన్ని గుడ రమ్మంట. మిషన్ల అంకె మంచిగొస్తె సరే. రాకుంటె పొట్టేలు ఈ ఇంట్ల ఉండదు. ఇగ నా మాటకు తిరుగులేదు."

మామ బకెట్టు కింద పెట్టి, కొట్టంలోకి పోయి, దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. మంద అమ్మిన రోజు లారీ వెళ్లిపోయాక కూడా అలాగే, వట్టి దొడ్లో, కూర్చున్నాడని మా ఆయన ఒకసారి చెప్పాడు. నాకు నవ్వంతా ఆవిరైపోయింది. ఆ సాయంత్రం మామ దాంతో చాలాసేపు మెల్లగా ఏదో చెప్పుకున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తమ్మ కోపంతో పని కూడా మానేసి కూర్చున్నది అనుకున్నాను.

మర్నాటి నుంచి మామ నడుం కట్టాడు. గుంతలో కొత్తగా ఉప్పు, బొగ్గు నింపాడు. పగిలిన మూతకు బదులు షాబాదు బండ ముక్క వేశాడు, అది ఒక పక్క మాత్రం కొంచెం ఖాళీ వదిలింది. పొట్టేలుకు కొట్టం అవతలి కొసన తొట్టి పెట్టి, నేను వంటింట్లోంచి కొంగులో దాచి తెచ్చిన ఉప్పు దాంట్లో పోశాడు. ఇక దానికి గుంతతో పని లేదు. పలుపు పొట్టిగా కట్టాడు. మూతి తొట్టి వైపు, తోక గుంత వైపు.

ఉప్పు నాకితే దాహం అవుతుంది. పొట్టేలు గోలెంలో నీళ్లు అడుగు కనిపించేదాకా తాగేది. తాగిన నీళ్లు ఎటు పోవాలో అటే పోయేవి. తోక ఎటుందో ఇంతకుముందే చెప్పాను, కొట్టం నేల వాలు కూడా అటే. అప్పుడు మాలో ఎవ్వరికీ ఆ సంగతి తట్టలేదు.

సారు వచ్చిన రోజు పొద్దున్నే బేరగాడు కూడా వచ్చి, కొమ్మ కొట్టేసిన వేప కింద తాడుతో సహా కూర్చున్నాడు. పొట్టేలును అటూ ఇటూ చూసి, నడుం మీద చెయ్యి వేసి ఒత్తి, తృప్తిగా తల ఊపాడు. మామ ఆ చెయ్యి వైపు చూడలేక ముఖం తిప్పుకున్నాడు. మీటరు సంగతి ఎప్పుడో మరిచిపోయాను. ఆ అంకె చిన్నగా రావాలని ఊర్లో ఉన్న దేవతలందరికీ మొక్కుతున్నాను. ఏ దేవతకైనా పొట్టేలునే మొక్కుతారని మధ్యలో గుర్తొచ్చి, కొబ్బరికాయ చాలు తల్లీ అని సవరించుకున్నాను.

సారు మేకులు దిగ్గొట్టాడు. పొట్టేలు ఆయన్ని చూసి కొమ్ములు వంచింది. "అన్నా, జర దాన్ని పట్టుకోరాదు!" అని ఆయన పెట్టె అడ్డం పెట్టుకుని పక్కకు జరిగాడు. మామ దాని కొమ్ము పట్టుకున్నాడు. అత్తమ్మ వాకిట్లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. సారు మీట నొక్కాడు. అంకె చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ నొక్కాడు.

"ఏందిది! మూడిట్ల ఇదే ఫస్టు క్లాసు వచ్చింది. మండలం మొత్తంల గీ ఎండలకు ఇంత మంచి ఎర్తింగు నేను సూడలే."

బండ జరిపి, గుంతలో చెయ్యి పెట్టి పిడికెడు మట్టి తీశాడు. మట్టి మెత్తగా, తడిగా ఉంది. వేళ్లతో నలిపాడు. ఆ తర్వాత ఆయన చెయ్యకూడని పని ఒకటి చేశాడు. వాసన చూశాడు.

"ఏం నీళ్లు వోస్తున్నరు మీరు దీంట్ల?"

పొట్టేలే జవాబు చెప్పింది. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, ఎవరి తొందరా తనకు పట్టనట్టు, ధారగా, అక్కడికే.

ముందు బేరగాడు నవ్వాడు. తర్వాత పక్కింటామె గోడ మీదినుంచి. నేను పైట నోట్లో కుక్కుకున్నాను. సారు చేతిలో మట్టి జారిపోయింది, చెయ్యి ఎక్కడ తుడవాలో తెలియక గాల్లోనే పెట్టుకుని నిలబడ్డాడు. నేను సబ్బు, నీళ్లు తేవడానికి ఉరికాను. పాపం మంచి మనిషి, చెయ్యి కడుక్కుంటూ ఆయనే ముందు తమాయించుకున్నాడు.

"ఎవలు వోస్తె ఏంది, తడి ఉంటె సాలు," అన్నాడు. "పాస్. ఇగ దీన్ని ఈడికెల్లి జరపకుండ్రి. రోజూ గిట్లనే వొయ్యనియ్యుండ్రి."

సారు వెళ్లిపోయాక బేరగాడు తాడు దులుపుకుని లేచాడు. "మరి అక్కా?" అన్నాడు.

"ఏందయ్యా, మరి?" అన్నది అత్తమ్మ. "సర్కారు సారు దాన్ని జరపొద్దని చెప్పి పోలేదా? నీ చెవులు యాడికి పోయినయి? పో, చాయ తాగి పో."

మామ ఇంకా కొమ్ము వదల్లేదు. అవతలికి తిరిగి, తలగుడ్డతో ముఖమంతా ఒత్తి ఒత్తి తుడుచుకున్నాడు. చెమటే అని ఎవరైనా అనుకోవచ్చు. నేను అనుకోలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తమ్మ గిన్నెలు తోముతుంటే నేను పక్కన కూర్చుని కడుగుతున్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"అత్తమ్మా, ఒకవేళ అంకె మంచిగ రాకుంటె నిజంగనే అమ్ముతుంటివా?"

ఆమె జవాబు చెప్పబోతుండగా కిటికీ కిందనుంచి మామ గొంతు వినిపించింది. "కొడుకా, సూసినవా ఆయన ముఖం..." అని సారు వాసన చూసిన కథ మొదటినుంచి చెబుతున్నాడు. అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. నన్ను మాట్లాడొద్దని మసి చేత్తోనే సైగ చేసింది. కథ చివరిదాకా విన్నది. సారు చెయ్యి గాల్లో పెట్టుకున్న చోట కొంగు అడ్డం పెట్టుకుని, నాకంటే చిన్నపిల్లలాగా కులుకుతూ నవ్వింది. కిందనుంచి గొంతు ఇంకేదేదో చెబుతూ పోయింది. కాసేపటికి ఆమె మళ్లీ గిన్నె అందుకుంది.

"పెండ్లైన కాడికెల్లి ఈ మనిషి నోరు తెరిచి నాకేమన్న చెప్పిండా బిడ్డా? మోకాలు నొస్తున్నదని గుడ గీ కిటికీల కెల్లి వింటెనే నాకెరుక. అదే పోతె, ఆయన సంగతులు ఇగ నాకు ఎవలు చెప్తరు?"

ఆమె చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"గా ఉప్పు డబ్బ ఇటు తే," అన్నది. "తొట్టిల అయిపోయిందంటుండు."